గుడ్డ ఎత్తిన ఓడ

పేరమ్మ పుట్టింది సముద్రం ఒడ్డున, పెరిగింది సముద్రం ఒడ్డున, మెట్టినిల్లు కూడా అదే ఒడ్డున నాలుగిళ్ళ అవతల. అరవై దాటినా ఆమె పాదం పడవ మీద పడలేదు. జువ్వలదిన్నెలో చేపల వేట మీద బతికే పట్టపువాళ్ళలో ఆమె తరం ఆడవాళ్ళు పడవెక్కరు. ఎందుకెక్కరని అడిగితే పెద్దవాళ్ళు గంగమ్మ పేరు చెబుతారు, ఇంకా అడిగితే కసురుకుంటారు. మగవాళ్ళు తెచ్చిన చేపని ఏరడం, ఉప్పు పట్టించడం, ఇసుకలో ఎండబెట్టడం, గంప నెత్తిన పెట్టుకుని కావలి బజారుకు పోయి అమ్మడం ఆడవాళ్ళ వంతు. ఆ బజారులో పేరమ్మ నోటికి పెద్ద పేరుంది. ఆమె చెప్పిన ధర దగ్గర మొదలైన బేరం ఆమె చెప్పిన ధర దగ్గరే ముగిసేది. మధ్యలో జరిగేదంతా కొనేవాళ్ళ సరదా.

అలాంటి మనిషి పోయిన ఏడాది, శివరాత్రి వెళ్ళిన తర్వాత, మేడల మీద మేడలున్న విహార నౌక ఎక్కి వచ్చింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు గుడ్డ సంగతి చెప్పాలి.

ఆ ఒడ్డున వేటకు పోయేవాళ్ళకి చదువు వచ్చినా రాకపోయినా ఒక కట్టుబాటు మాత్రం కంఠతా వచ్చు. నడిసముద్రంలో ఇంజను ఆగిపోయినా, పడవలోకి నీళ్ళెక్కినా, మనిషికి ప్రాణం మీదికి వచ్చినా తెడ్డుకి గుడ్డ కట్టి ఎత్తుతారు. తెడ్డు లేకపోతే చేత్తోనే ఎత్తి ఊపుతారు. లుంగీ కావచ్చు, తువ్వాలు కావచ్చు. ఆ గుడ్డ కంటపడినవాడు ఏ ఊరివాడైనా, ముందురోజు వలల దగ్గర చొక్కాలు పట్టుకున్నవాడైనా, వేసిన వలని ఉన్నచోటే వదిలేసి రావలసిందే. వల లాగి వస్తానంటే కుదరదు. వల లాగేలోపు మనిషి మునిగిపోతాడు. కష్టం గట్టెక్కాక, ఎత్తిన గుడ్డనే తలకి చుట్టుకుంటారు. దూరం నుంచి ఆ తలగుడ్డ చూసినవాళ్ళు ఇక ఫరవాలేదని తమ దారిన తాము పోతారు. సెల్‌ఫోన్లు వచ్చాయి, వైర్‌లెస్‌లు వచ్చాయి, అయినా గుడ్డ గుడ్డే.

ఇరవై ఏళ్ళ కిందట పేరమ్మ మొగుడు మాలకొండయ్య, అతని తమ్ముడు ఓబయ్య ఆ గుడ్డ ఎత్తారు. ఇంజను చెడిపోయి, గాలికి పడవ తూర్పుకి కొట్టుకుపోయింది. తాగే నీళ్ళు అయిపోయాయి. ఓబయ్యకి జ్వరం పట్టుకుంది. అప్పుడొక తెల్లటి పెద్ద ఓడ వాళ్ళ పక్కగా వచ్చింది. పైనున్న మనుషుల ముఖాలు కనపడేంత దగ్గరగా వచ్చింది. అన్నదమ్ములిద్దరూ లుంగీలు విప్పి ఊపారు. ఓడ మీది జనం కమ్మీల దగ్గరికి వచ్చి చూశారు. చూసి, చేతులూపారు. కొంతమంది ఫొటోలు తీసుకున్నారు. ఓడ ఆగలేదు. మర్నాడు వేరే ఊరి పడవ ఒకటి ఆ గుడ్డని చూసి వచ్చేసరికి ఓబయ్య లేడు.

ఓబయ్య కొడుకు పెంచల్‌కి అప్పటికి ఊహ తెలియదు. తెలిసినప్పటి నుంచి పెదనాన్న వెంటపడి ఒకటే ప్రశ్న అడిగేవాడు, ఆ ఓడ ఎందుకాగలేదని. మాలకొండయ్య దగ్గర ఒకటే జవాబుండేది.

"ఏదో అవసరం మీద పోతా ఉన్నిందిరా. అంత పెద్ద ఓడ, యాడికో తొందరగా చేరాల. లేకపోతే ఆగకుండా పోతారా మనుషులు."

ఆ జవాబు విన్నప్పుడల్లా పేరమ్మకి ఒళ్ళు మండేది. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆ ఓడవాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకుంటాడేమిటని ఆమె కోపం. మొగుడు మంచాన పడి పోయాక కూడా ఆమె ఆ ఓడని క్షమించలేదు. తొందర మాట మాత్రం నమ్మింది. ఏదో ఒకటి నమ్మకపోతే సాయంత్రం పూట సముద్రం వైపు చూడటం కష్టం.

ఇక ఉష సంగతి. పేరమ్మకి ఒక్కతే కూతురు. కావలిలో హాస్టల్లో ఉండి హోటల్ చదువు చదివింది. చెన్నై రేవు నుంచి తిరిగే విహార నౌకలో భోజనాల హాల్లో కొలువు సంపాదించింది. పెళ్ళి మాట ఎత్తితే ఫోన్లో సిగ్నల్ లేదంటుంది. ఏడాది నిండిన ఉద్యోగులు ఇంట్లోవాళ్ళని ఒకసారి ఉచితంగా తిప్పుకోవచ్చని తెలియగానే తల్లికి ఫోన్ చేసింది.

"ఓడంటేనే నాకు కడుపు రగులుతాది. నేను రానుమే," అంది పేరమ్మ.

"అమా, నేను దాంట్లోనే బతకతా ఉండా. యాడ పండుకుంటానో, ఏం తింటానో ఒక్కసారి వచ్చి చూసి పో."

ఆ మాటకి పేరమ్మ నోరు పడిపోయింది. బజారులో ఎవరివల్లా కాని పని అది.

ఓడ ఎక్కే వంతెన దగ్గర చెప్పులు విప్పి చేతబట్టుకుంది. పడవెక్కేటప్పుడు మగవాళ్ళు అలాగే చేస్తారు. ఓడ ఒంటిని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది. తను ఆడమనిషినని గంగమ్మకి గుర్తొస్తుందేమోనని ఒక క్షణం ఆగింది. వెనకాల సూట్‌కేసులవాళ్ళు తోసుకొచ్చేసరికి లోపలికి నడిచింది.

లోపల నడిచిన ప్రతి అడుగుకీ ఆమె నోరు తెరుచుకునే ఉంది. గదుల్లాంటి లిఫ్టులు, గోడంత అద్దాలు, కాలు జారే నేల. పైకెక్కి చూస్తే సముద్రం మధ్యలో ఓడ, ఓడ మధ్యలో గుంట, గుంట నిండా నీళ్ళు, నీళ్ళలో మనుషులు.

"చుట్టూరా ఇన్ని నీళ్ళు పెట్టుకోని మళ్ళా ఈ తొట్టెందుకుమే?"

"సముద్రంలో ఈదాలంటే భయం గదమా."

"ఇది మాత్రం యాడుండాది, మెట్ట మీదుండాదా?"

ఉషకి నవ్వాగలేదు. తల్లిని భోజనాల హాల్లో తను చూసుకునే బల్ల దగ్గర కూచోబెట్టింది. పళ్ళెంలో తెల్లటి గుడ్డ హంస ఒకటి మెడ ఎత్తుకుని ఉంది. మూతి తుడుచుకునే గుడ్డని అలా మడుస్తారట. తనే మడిచానని ఉష చెప్పగానే పేరమ్మ ఆ హంసని విప్పలేదు. ఒళ్ళో పెట్టుకుని, మూతి మాత్రం కొంగుతోనే తుడుచుకుంది. కిటికీ బయట సముద్రం పరుగెత్తుతోంది. అప్పటికి ఓడ చెన్నై వదిలి కొంతసేపయింది.

"ఇంతకీ ఇది యాడికి పోతా ఉండాది?" అని అడిగింది పేరమ్మ, అన్నం కలుపుకుంటూ.

"విశాఖపట్నం దాకా పోయి మళ్ళా చెన్నైకే వస్తాది."

"వీళ్ళందరికీ విశాఖపట్నంలో ఏం పని?"

"పనేం లేదుమా. దిగి కాసేపు ఊరు చూసి మళ్ళా ఎక్కుతారు. కొంతమంది దిగను గూడా దిగరు."

తల్లికి అర్థం కాలేదని చూసి ఉష ఎదురుగా కూచుంది. కొలువులో చేరిన కొత్తలో శిక్షణలో చెప్పిన పాఠం అది.

"పూర్వం ఓడలు పనున్నోళ్ళ కోసమే తిరిగేటివి. మీ జేజినాయన రంగం పోయినాడని చెప్తావు గదా. రంగూను ఓడలో, పైన, ఎండలో, మూట మీద పండుకోని."

"అవును. వరికోతలకి పోయినాడు."

"అదే ఓడలో డబ్బున్నోళ్ళు కింద గదుల్లో ఉండేవాళ్ళు. వాళ్ళకి ప్రయాణంలో పొద్దుపోవాలని బ్యాండు, విందులు, డాన్సులు పెట్టినారు. తర్వాత విమానాలొచ్చినాయి. పనున్నోళ్ళంతా విమానమెక్కినారు. ఓడలు ఖాళీ. అప్పుడు ఓడలోళ్ళు ఆలోచించినారు. పనున్నోళ్ళు లేకపోతే పోయె, పనిలేనోళ్ళనే తిప్పుదామని. బ్యాండూ విందులూ అట్టనే ఉండిపోయినాయి. పోవాల్సిన ఊరు మాత్రం జారిపోయింది. ఇప్పుడు ఓడే ఊరు."

పేరమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"జనం ఎక్కే తెల్ల ఓడలన్నీ ఇంతేనా?"

"అన్నీ ఇంతేమా. సరుకు మోసేటివి వేరే."

"ఎప్పట్నించీ?"

"నేను పుట్టకముందు నించీ. ఎందుకట్టా అడగతా ఉండావు?"

పేరమ్మ కిటికీ బయట పరుగెత్తే నీళ్ళని చూసింది. ఇన్నేళ్ళూ ఆ తెల్ల ఓడని తిట్టిందే గాని, దానికి తొందరుందనే తిట్టింది. అది ఎక్కడికీ పోవడం లేదు. ఓ పూట ఆగి ఉంటే ఎవరి పనీ చెడేది కాదు, ఎందుకంటే ఎవరికీ పనే లేదు. ఓబయ్య ప్రాణం ఏ అవసరానికీ అడ్డం రాలేదు. ఆమె ఆ ముద్ద తినలేక పళ్ళెంలో వదిలేసింది. వడ్డించిన అన్నం వదలడం ఆమె ఎరిగినంతలో అదే మొదటిసారి.

సాయంత్రం పైన ఆటపాటలన్నారు. పేరమ్మ గదిలోనే ఉంటానంది. కానీ ఉష బతిమాలింది. మనూరు ఇప్పుడు ఎడమపక్కనే ఉంటుంది, ఒడ్డు కనపడకపోయినా మన నీళ్ళయినా చూడమంది. అందుకని పైకి వెళ్ళింది. ఎండ తగ్గింది. సముద్రం నూనె రాసినట్టు నున్నగా ఉంది. రెండు మూడు వందల మంది చేరారు. ఆటపాటలు నడిపించే కుర్రాడి పేరు కిషోర్ బాబు, విజయవాడ వైపు మనిషి, చెవి దగ్గర నుంచి నోటిదాకా వంగిన మైకు పెట్టుకుని అరుస్తున్నాడు. ఉష చక్రాల బండి తోసుకుంటూ అందరికీ ఒక్కో తెల్లటి గుడ్డ పంచుతోంది. పొద్దుటి హంసలే, ఇప్పుడు మడతలు లేవు. పాట మొదలవగానే అందరూ ఆ గుడ్డ ఎత్తి గిరగిరా తిప్పాలి. ఓడల్లో ఇదొక పాత ఆచారమని కిషోర్ బాబు మూడు భాషల్లో చెప్పాడు.

"పెద్దమ్మగారూ, మీరు కూడా ఎత్తాలి. మన ఉష వాళ్ళ అమ్మగారు, అందరూ చప్పట్లు కొట్టండి," అన్నాడు.

చప్పట్లు కొట్టారు. ఉష బండి దగ్గర్నుంచి నవ్వుతూ చూసింది. కూతురి పరువు కోసం పేరమ్మ చెయ్యెత్తింది. మొదట మోచేతి దాకా, తర్వాత తలపైకి. పాట దరువు మంచిగా ఉంది. పక్కన ఓ ముసలాయన నడుం పట్టేసినా ఊపుతూనే ఉన్నాడు. పొద్దుటి నుంచి గుండెలో ఉన్న బరువు ఒక నిమిషం ఎక్కడికి పోయిందో పోయింది. నిజం చెప్పాలంటే పేరమ్మకి సంతోషంగా ఉంది. అలా తిప్పుతూనే ఎడమపక్క నీళ్ళలోకి చూస్తే దూరంగా ఒక పడవ కనపడింది. మనవాళ్ళే అయి ఉంటారనుకుంది. వాళ్ళకి కనపడాలని గుడ్డని ఇంకాస్త పైకెత్తి ఊపింది.

పడవ ముక్కు ఓడ వైపు తిరిగింది.

పేరమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. తర్వాత పడవ వెనకాల చూసింది. వల ఆనవాలుకి పెట్టిన నల్లజెండాలు నీళ్ళ మీద ఊగుతున్నాయి. వాటి దగ్గర ఎవరూ లేరు. పడవ ముందువైపు లేచిపోయేంత వేగంగా, ఇంజను బలమంతా పెట్టి, నేరుగా వస్తోంది.

ఆమె చుట్టూ చూసింది. మూడు వందల తెల్ల గుడ్డలు గాల్లో ఉన్నాయి. ఒకటి ఆమె చేతిలో ఉంది.

ఎత్తిన చెయ్యి దించాలని కూడా తోచలేదు. వల వదిలేసి వస్తున్నారు. ఇంత ఓడని, ఇంతమందిని కాపాడటానికి, తాటాకంత పడవలో వస్తున్నారు. ఓడ పక్కన లేచే అల సంగతి పడవ నడిపినవాళ్ళకి తెలియనిది కాదు. చిన్న పడవ పక్కకి తిరిగి దొరికితే ఒక్క అల చాలు. తెలిసే వస్తున్నారు, గుడ్డ ఎత్తారు గనక.

"ఉషా, గుడ్డలు దించమనుమే. మనోళ్ళు వల ఇడిచిపెట్టి వస్తా ఉండారు."

ఉష పడవ వైపు చూసింది. ఆమెకీ తెలుసు, ఆ ఇంట్లో పుట్టిన పిల్లేగా. చక్రాల బండిని వదిలేసి కాపలా అధికారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన దుర్భిణితో చూసి, చేపల పడవే, వాళ్ళే ఆగుతారులే అని వైర్‌లెస్‌లో ఏదో చెప్పాడు. ఓడ తన దారిన తను పోతూనే ఉంది.

పేరమ్మ జనాన్ని తోసుకుంటూ కిషోర్ బాబు దగ్గరికి పోయింది. పాట హోరులో ఆమె మాట అతనికి చేరలేదు. చెయ్యి పట్టుకుని లాగితే డాన్సు చేద్దామంటున్నదనుకుని అతనూ రెండడుగులు వేశాడు. పడవలో మనుషులు కనపడుతున్నారు ఇప్పుడు. ముందు నిలబడ్డవాడు చేతిలో తాడు చుట్ట పట్టుకుని ఉన్నాడు.

ఆమెకి ఇక ఒకటే దారి తోచింది. తన చేతిలో గుడ్డని దించి, నుదుటి మీద పరిచి, కొసలు వెనక్కి లాగి, జుట్టుముడి కింద గట్టిగా ముడేసింది. తలగుడ్డ మగవాళ్ళ పని. ఆ ఊళ్ళో ఆడది తలగుడ్డ కట్టగా ఎవరూ చూడలేదు. కట్టి, కమ్మీ దగ్గర నిలబడి, తల మీద చేత్తో కొట్టి కొట్టి చూపించింది.

కిషోర్ బాబుకి అది మహా ముచ్చటగా కనిపించింది.

"పెద్దమ్మగారు కొత్త స్టెప్పు నేర్పుతున్నారు. అందరూ తలకి కట్టండి. కట్టి, ఇలా, ఇలా కొట్టండి."

నవ్వుతూ, కేకలేస్తూ జనమంతా తలలకి గుడ్డలు కట్టుకున్నారు. జుట్టు లేనివాళ్ళు జుట్టున్నవాళ్ళ చేత కట్టించుకున్నారు. ఒక్కొక్కటిగా గాల్లో గుడ్డలన్నీ దిగిపోయాయి. మూడు వందల తెల్ల తలగుడ్డలు కమ్మీ వెంట వరసగా నిలబడ్డాయి.

పడవలో ఇంజను ఆగింది. ముందు నిలబడ్డవాడు తాడు వదిలేశాడు. ఓడ అల వచ్చింది. పడవ ముక్కు అలకి ఎదురుగానే ఉంది. పైకి లేచింది, కిందికి పోయి కనపడకుండా పోయింది. మళ్ళీ లేచింది. మనుషులందరూ ఉన్నారు. వాళ్ళు ఓడ వైపు కాసేపు అలా చూసి పడవ తిప్పుకున్నారు.

అప్పుడు కమ్మీ దగ్గర ఉన్నవాళ్ళు వాళ్ళకి చేతులూపారు. కొంతమంది ఫొటోలు తీసుకున్నారు.

పేరమ్మ వాళ్ళ ముఖాలు చూసింది. ఇరవై ఏళ్ళ కిందట మాలకొండయ్య కింద నుంచి చూసిన ముఖాలు ఇవే. ఆ ముఖాల్లో చెడ్డతనం వెతికింది, దొరకలేదు. సంతోషంగా ఉన్నారు, అంతే. కాసేపటి కిందట తనూ అంతే. ఆ సంగతే ఆమెని అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది. గదిలోకి పోయి మంచం మీద కూచుంది. తలగుడ్డ విప్పడం కూడా మరిచిపోయింది.

ఊరికి తిరిగొచ్చిన మర్నాడు ఒడ్డుకు పోతే, అందరి పడవలూ వేటకు పోయి ఉన్నాయి. పెంచల్ పడవ మాత్రం ఇసుక మీదే ఉంది. దాని నీడలో పెంచల్ కొత్త వల అల్లుకుంటూ కూచున్నాడు. ఆ రోజు వల వదిలేసి వచ్చిందెవరో పేరమ్మకి అడక్కుండానే అర్థమైంది. అతని పక్కన కూచుంది.

"పెద్దమ్మా, వచ్చినావా. నువ్వా ఓడ మీదే ఉన్నావంట గదా, ఇంటికాడ చెప్పినారు," అన్నాడు పెంచల్. "ఏమైంది మీ ఓడకి? అంతమంది గుడ్డలెత్తేసరికి మునిగిపోతా ఉండాదనుకున్నాం. మళ్ళా అందరూ తలగుడ్డలు చుట్టినారు. సరే, గట్టెక్కినారులే అని తిరుక్కున్నాం. పోయి చూస్తే వల లేదు, నీటివాటుకి యాడికో కొట్టుకపోయింది."

"ఏం కాలేదురా," అంది పేరమ్మ. "ఆడతా ఉన్నారు. పాట పెట్టుకోని గుడ్డలు తిప్పతా ఉన్నారు. నేను గూడా తిప్పినా. మిమ్మల్ని చూసి ఇంకా పైకెత్తి తిప్పినా."

పెంచల్ చేతులు ఆగాయి. కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. తిడతాడని ఆమె కాచుకుని ఉంది. తిట్టినా బాగుండుననిపించింది.

"ఎందుకెత్తినారో ఈడుండి ఎట్ట తెలస్తాది పెద్దమ్మా," అన్నాడు చివరికి. "ఆడికి పోతే గదా తెలిసేది."

మళ్ళీ అల్లడం మొదలుపెట్టాడు. పేరమ్మ కళ్ళు తుడుచుకుని, దారం ఉండ అందుకుని చిక్కు విప్పడానికి కూచుంది.

"అది సరేగాని పెద్దమ్మా," అన్నాడు పెంచల్, తల ఎత్తకుండానే. "మేమంత దగ్గరికి వచ్చినా రవ్వంత నిదానించలేదే. యాడికి పోతా ఉన్నింది ఆ ఓడ?"

పేరమ్మ నోరు తెరిచింది. నిజం నాలుక మీదికి వచ్చింది. అప్పుడు ఆమెకి మాలకొండయ్య గుర్తొచ్చాడు. ముఖాలు కనపడేంత దగ్గర నుంచి ఆ ఓడని చూసిన మనిషి. పైన పాట వినే ఉంటాడు. వాళ్ళు ఆడుతుండటం చూసే ఉంటాడు. ఆ ఓడకి ఏ తొందరా లేదని బతికినన్నాళ్ళూ అతనికి తెలుసు. తెలిసే ఈ పిల్లాడికి ఆ జవాబు చెప్పాడు. తనకీ అదే చెప్పాడు. ఆమె చేతిలో దారం ఉండ జారి ఇసుకలో పడింది.

"ఏదో అవసరం మీద పోతా ఉన్నిందిరా," అంది పేరమ్మ. "యాడికో తొందరగా చేరాలంట."

"అదే అనుకున్నాలే," అన్నాడు పెంచల్. దారం ఉండ ఏరి ఆమె చేతికిచ్చి మళ్ళీ పనిలో పడ్డాడు.